కచేరీ పంకానుండి కరెంటు మీటరు వరకు

బస్తరు అరణ్యసీమకు దక్షిణపుటంచున, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు సుక్మా జిల్లాలో, తెలంగాణ పొలిమేరకు చేరువగా మరైగూడ అను గ్రామము కలదు. కోయ, దోర్ల జనుల మాటలతోపాటు తెలుగు పలుకు వినవచ్చు సీమ అది. రాష్ట్రముల సరిహద్దులు ఎన్నిమారులు మారినను, అచ్చటి అడవికిని, శబరీ నదికిని, గోదావరి లోయకును గల సంబంధము మారలేదు. ఇట్టి మారుమూల ప్రాంతమునకును, మహానగరములలోని కార్యాలయ భవనముల విద్యుత్ ఖర్చునకును ఏమి పొత్తు అని పాఠకులకు తోచవచ్చును. పొత్తు లేకపోలేదు. ఆ పొత్తును గ్రహించినగాని ఈ చరిత్రకు అర్థము లేదు.

మరైగూడకు తూర్పుదిక్కున, కుంట పట్టణము చేరువలో శబరిలో కలియు సీలేరు నది, ఎగువ భాగమున మాచ్‌ఖండ్ అను పేర ప్రవహించును. ఆ మాచ్‌ఖండ్ పై 1955లో జలవిద్యుత్ కేంద్రము పనిచేయ నారంభించినది. దిగువ సీలేరు కేంద్రము 1970 దశాబ్దమున వెలసి, 460 మెగావాట్ల శక్తి గలదైనది. ఇక దక్షిణదిక్కున గోదావరికి ఆవల, సింగరేణి బొగ్గుగనుల ఆధారముతో పాల్వంచ వద్ద కొత్తగూడెము తాపవిద్యుత్ కేంద్రము 1966లో ఆరంభమైనది. దాని తొలితరము యంత్రములు 2020 నాటికి విశ్రాంతి పొందినవి. మణుగూరు వద్ద 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రము 2022 నాటికి పూర్తియైనది. అనగా, నదులు, గనులు, అడవులు ఒకచోట. వాటి వలన పుట్టిన వెలుగు, చల్లదనము వేరొకచోట. హైదరాబాదులో ఒక కార్యాలయమున ఎవరును లేని గదిలో దీపము వెలుగుచున్నచో, దాని వెల గోదావరి లోయలో ఏదో ఒక రూపమున చెల్లింపబడుచునే యున్నది. ఆ వెలను కొలుచుట ఎప్పుడు, ఎట్లు నేర్చుకొనిరి అనునదే ఈ వ్యాసమునకు విషయము.

పంకా త్రాటి కాలము

విద్యుత్తు రాకముందు కార్యాలయములలో శక్తి ఖర్చు లేదనుకొనుట పొరపాటు. ఖర్చు కలదు, అది మనుష్య శరీరపు ఖర్చు. కుంపిణీ కాలమునను, ఆ తరువాతి దొరతనమునను, కచేరీల పైకప్పునుండి పొడవైన గుడ్డ పంకాలు వ్రేలాడుచుండెడివి. వాటికి కట్టిన త్రాడు గోడలోని రంధ్రముద్వారా వసారాలోనికి పోయెడిది. అచ్చట కూర్చున్న పంకా కూలీ ఆ త్రాటిని గంటల తరబడి లాగుచుండెడివాడు. చేయి నొచ్చినప్పుడు కాలికి త్రాడు కట్టుకొని లాగుటయు కలదు. లోపల గుమాస్తా చెమట ఆరుచుండగా, బయట కూలీ చెమట కారుచుండెడిది. చల్లదనమునకు ఎవరో ఒకరు మూల్యము చెల్లింపవలసినదే యను సత్యము ఆ నాడు కంటికి కనబడెడిది. గోడకు ఈవల ఆవల జరుగు వ్యవహారము గనుక దానిని దాచుట సాధ్యము కాకుండెను.

పంకాతోపాటు వట్టివేళ్ల తడికలుండెడివి. ద్వారములకు, కిటికీలకు వాటిని కట్టి నీరు చల్లుచుండిరి. ఎండకాలపు వడగాలి ఆ తడిలోనుండి వచ్చునప్పుడు నీరు ఆవిరియై, గాలిలోని వేడిని హరించును. గది చల్లబడి, పరిమళించును. ఇది పొడిగాలి గల తెలంగాణమునను, రాయలసీమయందును చక్కగా పనిచేయునుగాని, గాలిలో తేమ అధికమైన బందరు, కాకినాడ, విశాఖపట్టణముల వంటి తీరప్రాంతములలో అంతగా అక్కరకు రాదు. గాలి యిదివరకే తేమతో నిండియున్నచో నీరు సులభముగా ఆవిరి కాదు గదా! ఒక చోటి ఉపాయము మరియొక చోట చెల్లదను ఈ పాఠమును నేటి శాస్త్రజ్ఞులు శీతోష్ణ మండలముల పట్టిక రూపమున మరల వ్రాసికొనిరి.

అధికారులకు మరియొక ఉపాయము కూడ కలదు: కార్యాలయమునే కొండపైకి మార్చుట. 1864 నుండి భారత ప్రభుత్వము వేసవిలో సిమ్లాకు తరలుచుండెను. మద్రాసు ప్రభుత్వము 1870 నుండి ఉదకమండలమును వేసవి స్థానముగా గైకొనెను. దస్తావేజుల పెట్టెలు, గుమాస్తాలు, నౌకర్లు, వారి సంసారములు ఏటేట కొండలెక్కి దిగుట యెంతటి శ్రమయో, ఎంతటి వ్యయమో ఊహింపవచ్చును. నేటి లెక్కలో చెప్పవలెనన్న, కొద్దిమంది అధికారుల శరీరసౌఖ్యమునకై ఒక రాజధానినే కదలించిన విధానమది.

కట్టడమే శీతలయంత్రము

అయినను ఆ కాలపు భవన నిర్మాతలు ఎండను గూర్చి లోతుగ యోచించిరి. దళసరి గోడలు, ఎత్తైన పైకప్పులు, చుట్టు వసారాలు, నడుమ ముంగిళ్లు, పైభాగమున వేడిగాలి పోవుటకు గవాక్షములు వారి సాధనములు. దళసరి రాతిగోడ పగటి ఎండను మెల్లగా పీల్చుకొని, సాయంకాలము నౌకరీ వేళ ముగిసిన పిదపగాని దానిని లోపలికి విడువదు. ఎత్తైన గదిలో వేడిగాలి పైకి చేరి, మనుష్యులున్న దిగువభాగము కొంత హాయిగా నుండును. వసారా యెండను గోడపై పడనీయదు. తెలుగునాట మండువా లోగిళ్లు ఎరిగినవారికి ఇందు క్రొత్త యేమియు లేదు. ఇంటి నడిమి ముంగిలి వెలుతురును, గాలిని రప్పించుటేగాక, వేడిని పైకి పంపు గొట్టమువలె పనిచేయును.

1931లో న్యూఢిల్లీ ప్రారంభమైనప్పుడు హెర్బర్ట్ బేకర్ నిర్మించిన సచివాలయ భవనములందు సైతము వెడల్పైన చూరులు, జాలీలు, దళసరి రాతిగోడలు కలవు. తరువాతి తరమువారు ఆ భవనముల కిటికీలకు శీతలయంత్రములు తగిలించి, జాలీలను మూసి, వసారాలను గదులుగా మార్చిరి. ఒక్క ఢిల్లీలోనే గాదు, దేశమంతటను ప్రభుత్వ కార్యాలయముల స్థితి ఇట్లే యైనది. చోటు చాలదను కారణముచే వసారాను గదిగా మార్చిన ప్రతి కార్యాలయమును, తెలియకయే తన విద్యుత్ బిల్లును పెంచుకొన్నదని చెప్పవచ్చును.

విద్యుత్తు రాక

కలకత్తాలో 1899లో విద్యుత్ సరఫరా ఆరంభమైనది. హైదరాబాదున హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో తాపవిద్యుత్ కేంద్రము వెలసి, చాల దశాబ్దములు నగరమునకు వెలుగునిచ్చినది. విద్యుత్ పంకా వచ్చుటతో పంకా కూలీ వసారానుండి అదృశ్యుడయ్యెను. ఆ కఠినమైన చాకిరి తొలగుట మేలైన విషయమే. కాని దానితో మరియొకటి కూడ అదృశ్యమైనది: చల్లదనము వెల. త్రాడు లాగువాడు కన్నుల యెదుట నున్నప్పుడు అతని అలసట కొంచెమైనను తెలియును. మీట నొక్కినంతనే తిరుగు పంకాకు అలసట యెక్కడిది? దాని అలసట నూరుమైళ్ల యవతల బొగ్గుగనిలో నున్నది. బొగ్గుపులుసు గాలి రూపమున ఆకాశములో నున్నది.

శీతలయంత్రము చరిత్ర కూడ వింతయైనదే. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అను ఇంజనీరు దానిని రూపొందించినది మనుష్యుల సౌఖ్యము కొరకు గాదు. బ్రూక్లిన్ నగరమున ఒక అచ్చుకూటములోని కాగితము తేమకు సాగి, రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకపోవుటచే, గాలిలోని తేమను అదుపుచేయుట కొరకు. కాగితమునకై పుట్టిన యంత్రము, కాగితములతో పనిచేయు గుమాస్తాల చెంతకు చేరుటకు ఎంతో కాలము పట్టలేదు. 1928లో టెక్సాసు రాష్ట్రపు సాన్ ఆంటోనియోలో మిలాం భవనమను ఎత్తైన కార్యాలయ సౌధమును పూర్తిగా శీతలీకరించిరి. ఆ పిదప భవనము ఎండకు తగినట్లు ఉండవలెనను నియమము సడలిపోయినది. అద్దాల గోడలు కట్టి, లోపల చేరిన వేడిని యంత్రముతో వెలికి నెట్టవచ్చును గదా అను ధీమా కలిగెను. చలిదేశములలో సూర్యుని రప్పించుకొనుటకు పుట్టిన అద్దాల మేడ, ఎండ మండు దేశములలో సైతము నాగరికతకు చిహ్నమైనది.

కొలత పుట్టిన కథ

1973లో చమురు సంక్షోభము వచ్చి, ధరలు నాలుగింతలైనప్పుడు ప్రపంచము మేల్కొనెను. అమెరికాలోని శీతలీకరణ ఇంజనీర్ల సంఘము 1975లో భవనముల శక్తి వినియోగమునకు తొలి ప్రమాణమును ప్రకటించెను. భవనము యెంత చల్లగా నున్నదని మాత్రమే గాక, ఆ చల్లదనమునకు ఎంత ఖర్చయినదని కూడ అడుగు పద్ధతి అప్పటినుండి బలపడినది.

కొలత లేనిదే తగ్గింపు లేదు. అయితే దేనిని కొలువవలెను? పెద్ద భవనము ఎక్కువ విద్యుత్తును, చిన్న భవనము తక్కువ విద్యుత్తును వాడుట సహజము. కావున సంవత్సరములో వాడిన మొత్తము యూనిట్లను, భవనపు అంతస్తుల వైశాల్యముతో భాగించి, ఒక చదరపు మీటరునకు ఏడాదికి ఎన్ని యూనిట్లు అని లెక్కించు పద్ధతి యేర్పడెను. దీనినే శక్తి వినియోగ సూచిక యందురు. ధాన్యపు దిగుబడిని మొత్తము బస్తాలతో గాక ఎకరమునకు ఎన్ని బస్తాలని రైతు చెప్పునట్లే ఇదియు.

భారతదేశమున శక్తి పొదుపు చట్టము 2001లో పార్లమెంటు ఆమోదము పొందినది. దాని ననుసరించి 2002 మార్చి 1వ తేదీన శక్తి సామర్థ్య బ్యూరో ఏర్పడినది. ఆ బ్యూరో చేసిన మంచి పనులలో నొకటి, పొదుపును ప్రభుత్వ గృహమునుండియే ఆరంభించుట. రాష్ట్రపతి భవనము, ప్రధానమంత్రి కార్యాలయము మొదలుకొని ఢిల్లీలోని పెక్కు ప్రభుత్వ భవనములలో శక్తి తనిఖీ జరిపించిరి. వాడుచున్న విద్యుత్తులో నూటికి 23 మొదలు 46 పాళ్ల వరకు మిగిల్చు అవకాశము కలదని ఆ తనిఖీలు తేల్చినవి. పనిలో లోపము లేకుండ, ఉద్యోగి సౌఖ్యమునకు భంగము లేకుండ, దాదాపు నాలుగవ వంతునుండి సగము వరకు వృథా యగుచున్నదని దీని తాత్పర్యము.

2007లో బ్యూరో వాణిజ్య భవనములకు శక్తి పొదుపు నిర్మాణ నియమావళిని ప్రకటించెను. 2009లో కార్యాలయ భవనములకు నక్షత్రముల పట్టిక వెలువడెను. అందు దేశమును శీతోష్ణ మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలమునకు ఒక్కొక్క లెక్క నేర్పరచిరి. హైదరాబాదు చేరిన మిశ్రమ మండలములో, సగమునకు మించి శీతలీకరించిన కార్యాలయము చదరపు మీటరునకు ఏడాదికి 165 మొదలు 190 యూనిట్ల వరకు వాడినచో ఒక నక్షత్రము. 90కి లోబడినచో ఐదు నక్షత్రములు. తీరప్రాంతపు ఉక్కమండలమునకు ఐదు నక్షత్రముల హద్దును 100 యూనిట్లుగా నిర్ణయించిరి. తేమను పిండుటకు యంత్రమునకు అదనపు శ్రమ గలదు గనుక ఆ మినహాయింపు న్యాయమైనదే.

ఉదాహరణకు, వెయ్యి చదరపు మీటర్ల వైశాల్యము గల ఒక కార్యాలయము సంవత్సరమునకు 1,60,000 యూనిట్లు వాడుచున్నదనుకొందము. దాని సూచిక 160. ఆ పట్టికలో రెండు నక్షత్రములు. తనిఖీలు చెప్పిన కనిష్ఠపు పొదుపు, అనగా నూటికి 23 పాళ్లు సాధించినచో సూచిక 123కు దిగి మూడు నక్షత్రములు వచ్చును. గరిష్ఠమైన 46 పాళ్లు సాధించినచో 86కు దిగి ఐదు నక్షత్రములు వచ్చును. బొగ్గు విద్యుత్ కేంద్రములలో ఒక యూనిట్ పుట్టించుటకు ఇంచుమించు ముప్పావు కిలోకు కొంచెము తక్కువగా బొగ్గు కావలెను. ఆ కనిష్ఠపు పొదుపే ఏడాదికి సుమారు 25 టన్నుల బొగ్గును భూమిలోనే నిలుపగలదు. ఒక్క కార్యాలయమునకే ఇంత!

హైదరాబాదు కృషి

ఈ చరిత్రలో తెలుగువారి రాజధాని కొక గౌరవస్థానము కలదు. హైదరాబాదున హైటెక్ సిటీ చేరువలో భారత పరిశ్రమల సమాఖ్య నెలకొల్పిన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రమును 2004 జూలై 14వ తేదీన నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించిరి. అమెరికాలోని హరిత భవన మండలి యిచ్చు ప్లాటినం శ్రేణిని అమెరికా వెలుపల పొందిన మొదటి భవనమది. దాని రూపశిల్పి కరణ్ గ్రోవర్. నడుమ ముంగిలి, చుట్టు వసారా, జాలీ గోడలు, పైకప్పుపై పచ్చిక తోట, గాలిని చల్లబరచి లోనికి పంపు రెండు గోపురములు, సూర్యరశ్మినుండి విద్యుత్తు పుట్టించు పలకలు దాని ప్రత్యేకతలు. సామాన్య భవనముతో పోల్చినప్పుడు దాదాపు సగము విద్యుత్తు ఆదా యగునని లెక్కించిరి. చూచువారికి తోచు విశేష మేమనగా, ఆ నూతన సాధనములలో పెక్కు మన తాతలనాటి ముంగిలి, వసారా, జాలీ, తడిగాలియే. మరచిపోయిన విద్యను శాస్త్రము లెక్కగట్టి మరల మన చేతికిచ్చినది.

ఒక్క ఆదర్శ భవనముతో నగరము మారదు. నిర్మాణానుమతి యిచ్చు కాగితములో నియమము చేరవలెను. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శక్తి పొదుపు నియమావళిని రాష్ట్ర పరిస్థితులకు తగినట్లు సవరించి ఉత్తరువు వెలువరించెను. 1956లో స్థాపితమైన హైదరాబాదులోని భారత పరిపాలన సిబ్బంది కళాశాల ఆ కృషికి తోడ్పడినది. అదే సంవత్సరము జూన్ 2న రాష్ట్రము రెండైనను, ఆ నియమావళి ఉభయ రాష్ట్రములకును వారసత్వముగా సంక్రమించినది. ఆస్తులను, అప్పులను పంచుకొనుటలో వాదములున్నవిగాని, ఈ పొదుపు పాఠమును పంచుకొనుటకు ఎవరికిని అభ్యంతరము లేకపోయెను. పిమ్మట తెలంగాణ ప్రభుత్వము 2023లో ఐదేండ్ల కాలమునకు చల్లని పైకప్పుల విధానమును ప్రకటించెను. డాబాపై తెల్లని పూత పూసి ఎండను తిప్పి పంపుట దాని సారము.

ఢిల్లీలో సైతము 2014 ఫిబ్రవరి 25వ తేదీన పర్యావరణ మంత్రిత్వ శాఖకై ఇందిరా పర్యావరణ భవనము ప్రారంభమైనది. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్మించిన ఆ భవనముపై 930 కిలోవాట్ల సూర్యపలకలు అమర్చిరి. ఏడాదికి కావలసినంత విద్యుత్తును తన పైకప్పుననే పుట్టించుకొనవలెనను సంకల్పముతో దానిని రూపొందించిరి. 2025 ఆగస్టులో ప్రారంభమైన మూడవ కర్తవ్య భవనమునందు నూటికి 30 పాళ్ల విద్యుత్తును తగ్గించు ఏర్పాట్లు చేసినట్లు ప్రభుత్వము ప్రకటించినది.

ఎంత చల్లదనము కావలెను?

ఇంతవరకు భవనమును, యంత్రమును గూర్చిన కథ. ఆ లోపల కూర్చుండు మనుష్యుని మాట యేమి? చిరకాలము చలిదేశములలోని ప్రయోగశాలల లెక్కలనే మన కార్యాలయములకును వర్తింపజేసిరి. ఆ లెక్క సరియా కాదా యని హైదరాబాదునకు చెందిన పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి మొదలైనవారు ఉద్యోగులనే అడిగి తెలిసికొనిరి. హైదరాబాదు, చెన్నై నగరములలోని 28 కార్యాలయ భవనములలో పదునాలుగు నెలలపాటు 2787 మంది ఉద్యోగులనుండి 6048 సమాధానములను సేకరించిరి. శీతలయంత్రము పనిచేయునప్పుడు ఉద్యోగులకు హాయి గొల్పిన ఉష్ణోగ్రత సగటున 26.4 డిగ్రీలు, కిటికీలు తెరచి పంకాలతో పనిచేయునప్పుడు 28 డిగ్రీలు అని తేలినది. ఈ ఫలితములు 2014లో ప్రకటితమైనవి.

ఈ రెండు అంకెల వెనుక గొప్ప విశేషమున్నది. మధ్యాహ్నపుటెండలో 20 డిగ్రీలకు యంత్రమును దింపి, లోపల ఉన్ని శాలువ కప్పుకొని కూర్చుండు కార్యాలయములు ఎవరి సౌఖ్యమునకై అట్లు చేయుచున్నవి? ఉద్యోగి అడుగనిదానిని ఇచ్చి, దానికి బిల్లు చెల్లించుట గదా ఇది! ఒక్క డిగ్రీ పెంచినచో నూటికి ఆరు పాళ్ల విద్యుత్తు మిగులునని శక్తి సామర్థ్య బ్యూరో లెక్క. 2020 జనవరి 1 నుండి గదులకు అమర్చు శీతలయంత్రములు 24 డిగ్రీల వద్ద ఆరంభమగునట్లు తయారు చేయవలెనని నిబంధన వచ్చినది. నిబంధన మీటను 24 వద్ద నిలుపగలదుగాని, దానిని నొక్కు వ్రేలిని నిలుపలేదు.

పంకా విషయమే చూడుడు. పాతరకపు పంకా సుమారు 75 వాట్లు వాడును. నూతన రకము 30 వాట్లతో అదే గాలి నిచ్చును. రోజునకు ఎనిమిది గంటలు, ఏడాదికి 250 పనిదినములు తిరిగిన యెడల పాత పంకా 150 యూనిట్లు, క్రొత్త పంకా 60 యూనిట్లు మాత్రమే వాడును. నూరు పంకాలున్న కార్యాలయమున ఏడాదికి 9,000 యూనిట్లు మిగులును. దీపముల సంగతియు అట్టిదే. 2015 జనవరిలో ఆరంభమైన ఉజాలా పథకమునకై ప్రభుత్వము పెద్దమొత్తములో కొనుగోలు చేయుటచే, 2014లో 310 రూపాయలున్న ఎల్.ఇ.డి. దీపపు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. కలసి కొనుటలోని బలమును ఈ ఒక్క నిదర్శనమే చాటగలదు.

లెక్కకు చిక్కని లోపము

అయినను కొలతకు గల పరిమితులను మరువరాదు. పెక్కు భవనములకు నక్షత్రములు, పతకములు పటముపై గీసిన రూపమును బట్టి లభించును. వాడుకలో మీటరు వేరు కథ చెప్పును. రూపశిల్పి తెరచియుంచుమని చెప్పిన కిటికీని ధూళి వచ్చుచున్నదని మూసివేయుదురు. వెలుతురు కొరకు పెట్టిన అద్దమునకు, కన్నులకు ఎండ కొట్టుచున్నదని తెర వేసి, లోపల దీపము వెలిగింతురు. వడపోత జల్లెడను ఏడాదికొకమారైనను శుభ్రము చేయని యంత్రము ఎక్కువ రొప్పుచు తక్కువ చల్లదన మిచ్చును. ఒక చదరపు మీటరునకు అని లెక్కించునప్పుడు, ఖాళీగా నున్న విశాలమైన గదులు గల భవనము, జనముతో క్రిక్కిరిసిన భవనముకంటె మిన్నగా కనబడు ప్రమాదమును కలదు. కావున చదరపు మీటరు లెక్కతోపాటు మనిషికి ఎన్ని యూనిట్లు అను లెక్కయు చూచుట మంచిది.

అన్నిటికంటె పెద్ద లోపము మరియొకటి. ప్రభుత్వ కార్యాలయమున మీట నొక్కువాడొకడు, బిల్లు చెల్లించువాడొకడు, ఆ బిల్లును చూడనైన చూడనివారు పెక్కుమంది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదను సామెత యిట్టి సందర్భమునకే పుట్టినది. ఇంటిలో నొక దీపము వృథాగా వెలిగినచో గృహిణి కేక వేసి ఆర్పించును. కార్యాలయములో ఆ కేక వేయువారెవరు? ఒక్కొక్క అంతస్తునకు వేరు మీటరు పెట్టి, నెలనెల లెక్కను అందరు చూచుచోట వ్రాసియుంచిన కార్యాలయములలో, ఆ అంకెయే గృహిణి కేకవలె పనిచేయగలదు. తనిఖీ అధికారి ఏడాదికి ఒకమారు వచ్చి పోవును. గోడపైని అంకె ప్రతిదినము పలుకరించును.

పొదుపు పేర పేదవాని సౌఖ్యమును హరించుట కూడ న్యాయము కాదు. అధికారి గదిలో శీతలయంత్రము గిరగిర తిరుగుచుండగా, గుమాస్తాల హాలులో పంకాలను తగ్గించుట పొదుపు అనిపించుకొనదు. అది పంకా కూలీనాటి ధర్మమునే మరల నిలుపుట యగును. వృథాను తగ్గించుట వేరు, అవసరమును తగ్గించుట వేరు. ఈ భేదమును గుర్తింపని పొదుపు ప్రజల మన్నన పొందజాలదు.

మరల మరైగూడకు

2001లో ఛత్తీస్‌గఢ్ పునరుత్పాదక శక్తి అభివృద్ధి సంస్థ ఏర్పడినది. దానినే క్రెడా యందురు. అడవి పల్లెలకు సూర్యదీపముల నందించు బాధ్యతయు, ఆ రాష్ట్రమున శక్తి పొదుపు చట్టమును అమలుపరచు బాధ్యతయు ఆ ఒక్క సంస్థపైననే యున్నవి. ఈ రెండు పనులు ఒకే చోట చేరుట కేవలము పరిపాలన సౌకర్యము కాదు. అందు లోతైన అర్థమొకటి కలదు. తీగలు చేరుట కష్టమైన పల్లెలో ఒక్క దీపమునకు సరిపడు శక్తిని పైకప్పుపైని పలకనుండి జాగ్రత్తగా లెక్కించి వాడుకొందురు. సాయంకాలము ఎన్ని గంటలు వెలిగించవలెనో, మబ్బు పట్టిన దినమున ఎంత తగ్గించవలెనో అచ్చటి ఇల్లాలికి తెలియును. మహానగరపు కార్యాలయమునకు లక్షల రూపాయల ఖర్చుతో శక్తి తనిఖీ నేర్పు పాఠమును, ఆ చిన్న దీపము తన చుట్టునున్నవారికి ప్రతిరాత్రి నేర్పుచునే యున్నది.

పంకా కూలీ వసారానుండి వెడలిపోయి నూరేండ్లు కావచ్చినది. అతడు మరల రాకుండుగాక! కాని అతడు లాగిన త్రాడు తెగిపోలేదు. అది పొడవై, తీగగా మారి, నదులు దాటి, కొండలు దాటి, గోదావరి లోయలోని గనులవరకు, సీలేరు జలములవరకు సాగినది. దాని రెండవ కొనను ఇప్పుడు ఎవరు లాగుచున్నారో కార్యాలయమున కూర్చున్నవారికి కనబడదు. కనబడని ఆ కొనను కనబడునట్లు చేయు సాధనమే మీటరు. దేశములో ఎల్లెడల ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు తెలుగు ఉద్యోగులు సాయంకాలము ఇంటికి పోవుచు గదిలోని దీపమును, పంకాను ఆర్పునప్పుడు, ఆ త్రాటిని ఒక క్షణము వదులు చేసినవారగుదురు. ఆ క్షణములు కలసినగాని చరిత్ర ముందుకు నడువదు.